గంగ నడుమ ఓ ఆదివారం

మా దిక్కు గోదావరిని గోదావరి అనేవాళ్లు తక్కువ. గంగ అంటరు. "ఈ ఐతారం గంగకు పోయొద్దామా?" అని బాపు అడిగాడంటే కాశీ ప్రయాణం కాదని, బాదన్‌కుర్తికని మా ఇంట్లో అందరికీ తెలుసు.

సంక్రాంతి వెళ్లిన వారం అది. కరీంనగర్‌లో పొద్దున్నే బయల్దేరి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఖానాపూర్ దారి పట్టాం. దారిలో కొన్ని చేలల్లో పసుపు తవ్వుతున్నారు. ఉడుకుతున్న పసుపు కొమ్ముల వాసన కారులోకి వస్తుంటే అత్తమ్మ అద్దాలు దించమంది. ఆ వాసనకు ఆమె పుట్టిల్లు యాదికొస్తుంది.

గోదావరి రెండు పాయలుగా చీలి, మళ్లీ కలిసేలోపు తన నడుమ ఉంచుకున్న ఊరు బాదన్‌కుర్తి. 2016లో జిల్లాలు విడిపోకముందు ఒక ఒడ్డు కరీంనగర్, మరో ఒడ్డు ఆదిలాబాద్. ఇప్పుడు జగిత్యాల, నిర్మల్. హద్దులు కాగితం మీదే. పిల్లనిచ్చేది, తెచ్చుకునేది ఇటూ అటూ. తన చిన్నప్పుడు పెండ్లికి తెప్పమీద గంగ దాటిన సంగతి బాపు ప్రతిసారీ చెబుతాడు. ప్రతిసారీ మేం మొదటిసారి విన్నట్టే వింటాం.

ఇక్కడ హోటళ్లు, రిసార్టులు ఉంటాయని వస్తే నిరాశే. సద్ది మనమే తెచ్చుకోవాలి. మేం జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు, డబ్బా నిండా సర్వపిండి తెచ్చుకున్నాం. చెట్టు నీడన చాప పరిచాక చేయాల్సిన పనేమీ లేదు. బండరాళ్ల మధ్య నీళ్లు సన్నగా పారుతున్నాయి. పైన పోచంపాడులో శ్రీరాంసాగర్ గేట్లు మూసి ఉన్న రోజుల్లో గంగ ఇట్లాగే ఉంటుంది. వానాకాలం ఆ 42 గేట్లలో కొన్ని ఎత్తినా ఈ రాళ్ల జాడ దొరకదు. అందుకే పిల్లలతో వచ్చేవాళ్లు చలికాలం రావాలి, అప్పుడు కూడా మోకాలి లోతు దాటనివ్వొద్దు. పైకి నిమ్మళంగా కనిపించే నీళ్ల కిందే మడుగులుంటాయి. మా బాబును ఒడ్డున కూర్చోబెట్టి కాళ్లు మాత్రమే తడుపుకోనిచ్చాం. వాడికి అదే సంబురం.

తిన్నాక పాపకు బావరి కథ చెప్పాను. బుద్ధుడి కాలంలో కోసల రాజు దగ్గర పురోహితుడిగా ఉన్న బావరి అన్నీ వదిలి దక్షిణానికి వచ్చి, అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడని బౌద్ధుల సుత్తనిపాతం, దాని వ్యాఖ్యానం చెబుతాయి. అడిగిన ఐదు వందలు ఇవ్వలేదని ఒకడు ఆయన్ని ఏడో రోజుకు తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. ఆ దిగులులోనే బావరికి బుద్ధుడి సంగతి తెలిసింది. పదహారు మంది శిష్యుల్ని పంపాడు. పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా వాళ్లు మగధ దాకా నడిచారు. గోదావరి రెండుగా చీలిన దీవిలో, వెలగ వనంలో ఆ ఆశ్రమం ఉండేదని పాత వ్యాఖ్యానం. ఆ దీవి బాదన్‌కుర్తేనని చరిత్రకారుల్లో కొందరి మాట. ఊరివాళ్లకైతే అనుమానమే లేదు.

నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైనది శిష్యులు అడిగిన ప్రశ్నలు. వాళ్లలో ఒకరికి మించి వరద దాటడం ఎట్లాగని అడిగారు. కప్పుడనే శిష్యుడైతే, ముంచుకొచ్చే వరద మధ్య చిక్కిన మనిషికి నిలబడటానికి ఒక దీవిని చూపమన్నాడు. నాది అనేది ఏదీ లేకపోవడమే ఆ దీవి అని బుద్ధుడి జవాబు. ఆ వరద ముసలితనం, చావు అని ఆ గ్రంథమే అంటుంది. నేను మాత్రం ఈ రాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా శ్రావణంలో రెండు పాయలూ ఎర్రగా పొంగడం చూసి పెరిగిన కుర్రాడినే కప్పుడిలో చూస్తాను. అట్లాంటి ప్రశ్న వాడికి గాక ఎవరికి తడుతుంది? ముసలివాడైన పింగియుడు అంత దూరం తిరిగొచ్చి బావరికి అంతా చెప్పాడంటే, ఆ మాటలు ఈ గాలిలోనే చెప్పి ఉంటాడనిపిస్తుంది.

మధ్యాహ్నం దాటాక ఖానాపూర్ దగ్గరి సదర్మాట్ ఆనకట్టకు వెళ్లాం. 1891-92లో కట్టిన రాతికట్ట అది. కామారెడ్డి పెద్దచెరువుతో పాటు 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. బాపు చాలాసేపు ఆ కట్టనే చూస్తూ నిలబడ్డాడు. వ్యవసాయం చేసిన మనిషి.

పాప మాత్రం కథలోని వెలగచెట్ల దగ్గరే ఆగిపోయింది. "తాతా, వనం అన్నరు గదా, ఒక్క చెట్టన్న కనిపించలే" అని తిరుగు దారంతా అడుగుతూనే ఉంది. మెట్‌పల్లి వచ్చేసరికి ఫోన్ తీసుకుని ఇంట్లో ఉన్న నానమ్మకు చెప్పింది, ఈసారి వినాయక చవితికి కొన్న వెలగకాయ కొట్టినప్పుడు గింజలు పారేయొద్దని.