కోసి అతికించిన కారు

1947 చివరి నెలలు. ఆక్స్‌ఫర్డ్‌ను ఆనుకొని ఉన్న కౌలీలో మోరిస్ కంపెనీ కొత్త చిన్నకారు దాదాపు సిద్ధమైంది. బంపర్లు అప్పటికే తయారై గోదాముకు చేరాయి. సరిగ్గా అప్పుడు ఆ కారు రూపకర్త అలెక్ ఇసిగోనిస్‌కు బండి మరీ సన్నగా ఉందని తోచింది. రాత్రికి రాత్రే నమూనా బండిని ముక్కు నుంచి తోక దాకా నిలువునా కోసేయమని మెకానిక్‌లకు చెప్పాడు. పొద్దున్నే వచ్చి ఆ రెండు చెక్కలనూ కొంచెం ఎడంగా జరిపించాడు, ఇంకొంచెం జరిపించాడు, మళ్ళీ కాస్త దగ్గరకు తెప్పించాడు. నాలుగు అంగుళాల దగ్గర ఆపి, ఇక చాలన్నాడు.

ఆ నాలుగు అంగుళాలు మోరిస్ మైనర్ ఒంటిమీద ఇప్పటికీ కనిపిస్తాయి. బానెట్ మధ్యలో పొడవునా ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది. వెడల్పు పెంచడానికి కలిపిన రేకు అదే. తొలి బండ్ల బంపర్లయితే మరీ చిత్రం. పాత కొలతకు చేసినవాటిని పారేయలేక, మధ్యకు కోసి నాలుగు అంగుళాల అతుకు వేసి బిగించారు. పిసినారితనంలోంచి పుట్టిన ఆ అతుకు తన బండికి ఉంటే దాని యజమాని ఇవాళ వచ్చినవాళ్ళందరినీ పిలిచి చూపిస్తాడు.

ఇసిగోనిస్ 1906లో, అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా రేవులో పుట్టాడు. ఇప్పుడు దాన్ని ఇజ్మీర్ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి గొడవల్లో ఊరు వదిలి ఇంగ్లండు చేరాడు. రెండో యుద్ధం సాగుతుండగానే, మోరిస్ కంపెనీలో జాక్ డేనియల్స్, రెగ్ జాబ్ అనే ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్‌లతో కలిసి 'మస్కిటో' అనే రహస్య పేరుతో ఈ బండి గీతలు మొదలుపెట్టాడు. కాగితం దొరికితే చాలు, బొమ్మ గీసి చేతికిచ్చేవాడు; దాన్ని కొలతల్లోకి దించడం ఆ ఇద్దరి వంతు.

అప్పటి బ్రిటిష్ చిన్నకార్లలో చాలావాటికి లారీకి ఉన్నట్టే కింద చాసిస్ వేరు, పైన బాడీ వేరు. మైనర్‌కు చాసిస్ లేదు. నొక్కిన రేకులన్నీ వెల్డింగుతో ఒక్క డొల్లగా కలిసి, ఆ డొల్లే బరువంతా మోస్తుంది. చక్రాలను 14 అంగుళాలకు తగ్గించి నాలుగు మూలలకూ జరిపాడు. స్టీరింగుకు పళ్ళచక్రం, పళ్ళకడ్డీ జత పెట్టాడు. చక్రం కాస్త తిప్పగానే బండి చెప్పినమాట వినేది. ముందు చక్రాలకు స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు అమర్చాడు. ఇవి బండి కింద పొడవునా పడుకున్న ఉక్కు కడ్డీలు. ఒక కొస బాడీకి బిగిసి ఉంటుంది, రెండోది చక్రం చేతిని పట్టుకుంటుంది. గుంత వచ్చి చక్రం పైకి లేస్తే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది, తిరిగి నిటారవుతూ చక్రాన్ని కిందికి నెడుతుంది.

ఇంజను దగ్గర మాత్రం ఇసిగోనిస్ మాట నెగ్గలేదు. ఆయన కోరింది నాలుగు సిలిండర్లు రెండు పక్కలా పడుకొని ఉండే బల్లపరుపు ఇంజను. దాని కోసమే బానెట్ కింద అంత చోటు వదిలాడు. ఖర్చుకు వెనకాడి కంపెనీ యుద్ధానికి ముందటి మోరిస్ ఎయిట్ ఇంజనునే అందులో కూర్చోబెట్టింది: 918 సీసీ, 27.5 హార్స్‌పవర్. అంత పెద్ద గదిలో అంత చిన్న ఇంజను! తర్వాతి కాలంలో పెద్ద ఇంజన్లు ఎక్కించే సరదారాయుళ్ళకు ఆ ఖాళీయే వరమైంది.

కంపెనీ అధిపతి లార్డ్ నఫీల్డ్‌కు బండి మొదటి చూపులోనే నచ్చలేదు. పెంకు తీసి నీళ్ళలో ఉడికించిన గుడ్డులా ఉందన్నాడు. అయినా 1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్టు మోటారు ప్రదర్శనలో మైనర్ జనం ముందుకు వచ్చింది. పన్నుతో కలిపి ధర సుమారు 358 పౌండ్లు. అదే ప్రదర్శనలో జాగ్వార్ ఎక్స్‌కే120 మెరిసింది. ఫొటోలు దానికి దక్కాయి, బ్రిటన్ వీధులు కాలక్రమంలో దీనికి దక్కాయి. ఆ రోజుల్లో సామాను ఎగుమతి చేసి డాలర్లు తెచ్చే కంపెనీలకే ప్రభుత్వం ఉక్కు కేటాయించేది. అందుకే తొలి మైనర్లలో ఎక్కువ భాగం ఓడలెక్కి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా దారి పట్టాయి. గ్రిల్లులో కింద ఉన్న హెడ్‌లైట్లు అమెరికా నిబంధనలకు కుదరక మడ్‌గార్డుల పైకి ఎక్కాయి. ఇసిగోనిస్‌కు అది సుతరామూ నచ్చలేదు.

1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసిపోయాక ఆస్టిన్ వారి 'ఏ సిరీస్' ఇంజను మైనర్‌లోకి వచ్చింది: మొదట 803 సీసీ, 1956లో 948, 1962లో 1098. రెండు ముక్కల ముందు అద్దం ఒకటైంది. తలుపు పక్క స్తంభంలోంచి చెయ్యి చాపినట్టు బయటికి వచ్చే సిగ్నల్ పుల్లలు 1961లో పోయి, మిణుకుమనే లైట్లు వచ్చాయి. అప్పటికి అమ్మకాలు పది లక్షలు దాటాయి. బ్రిటిష్ కార్లలో ఆ అంకెను ముందుగా అందుకున్నది ఇదే. దాని గుర్తుగా లేత ఊదారంగు వేసి, లోపల తెల్ల సీట్లు పెట్టి 350 బండ్లు ప్రత్యేకంగా అమ్మారు. ఆనాడు డీలర్లు ఆ రంగు చూసి తలపట్టుకున్నారేమో గానీ, ఇవాళ సేకరణదారులు మాత్రం వాటికోసమే వెతుకుతారు.

తపాలా శాఖ వ్యాన్ల సంగతి వేరే చెప్పాలి. ఇరుకు సందుల్లో గీతలు పడతాయని తపాలా వారు ముందు మడ్‌గార్డులు రబ్బరుతో చేయించుకున్నారు. రబ్బరులో హెడ్‌లైటు నిలవదు కాబట్టి దాన్ని వేరే దిమ్మెమీద పైకెత్తి బిగించారు. కప్ప కళ్ళ ఆ వ్యాన్లలో కొన్ని ఇప్పటికీ ప్రదర్శనలకు వస్తాయి.

ట్రావెలర్ అనే రకంలో వెనక సగం కలపతో చేసిందే. యాష్ చెట్టు చెక్కను వార్నిష్ చేసి చట్రంగా బిగించి, మధ్యలో రేకులు పెట్టారు. చూసినవాళ్ళు అది అలంకారమనుకుంటారు. కాదు, వెనక బాడీని నిలబెట్టేది ఆ చెక్కే. అది పుచ్చితే ఫిట్‌నెస్ పరీక్షలో బండి తప్పినట్టే. పిల్లల సామాను వేసుకొని తిరిగే కుటుంబాల కోసం 1953లో చేసిన ఈ బండిని బాగుచేయాలంటే మెకానిక్ ఒక్కడే చాలడు, వడ్రంగి కూడా కావాలి.

ఈ కుటుంబంలో ఒక తోబుట్టువు తెలుగువాళ్ళకు బాగా తెలిసినదే. హిందుస్థాన్ మోటార్స్ 1950ల మొదట్లో మైనర్‌నే 'బేబీ హిందుస్థాన్' పేరుతో మన దేశంలో అమ్మింది. ఎర్ల్స్ కోర్టులో మైనర్ పక్కనే నిలబడ్డ పెద్దకారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని తర్వాతి తరాల్లో ఒకటి 1950ల చివర కలకత్తా దగ్గరి ఉత్తరపాడలో అంబాసిడర్‌గా మారి, 2014 దాకా తయారైంది. కలెక్టరాఫీసుల ముందు బారులు తీరిన తెల్ల అంబాసిడర్ల ముందు చక్రాల వెనక ఉన్నదీ టార్షన్ బార్లే. స్టీరింగూ పళ్ళకడ్డీదే.

ఇంగ్లండులో సెలూన్ రకం 1970లో ఆగింది. ట్రావెలర్, వ్యాను 1971లో ఆగాయి. మొత్తం 16 లక్షలకు పైగా బండ్లు. ఫ్యాక్టరీ ఈ బండిని సాకింది 23 ఏళ్ళు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా సాకుతున్నది యజమానులే. కంపెనీ పేరే మాసిపోయినా బండి రోడ్డుమీద తిరగడానికి ఇదే అసలు కారణం.

1976లో పుట్టిన మోరిస్ మైనర్ ఓనర్స్ క్లబ్ డెర్బీ నుంచి నడుస్తుంది. సభ్యులకు పత్రిక, ఊరూరా శాఖలు, ఏటా ర్యాలీ ఉంటాయి. బయటివాళ్ళకు కనిపించేది ఈ ర్యాలీ, గడ్డిమైదానంలో మెరుగుపెట్టిన బానెట్లు. క్లబ్బు అసలు పని కాగితాల్లో, పనిముట్ల సంచిలో ఉంటుంది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ రికార్డులు కంప్యూటరుకు ఎక్కిస్తూ 1983లో గడువు ముగించారు. షెడ్డుల్లో మూలపడ్డ ఎన్నో బండ్ల నంబర్లు ఆ జాబితాలో చేరలేదు. అలాంటి బండి బయటపడితే చాసిస్ నంబరు, పాత పన్ను చీటీలు, ఫొటోలు పరిశీలించి, ఇది ఫలానా ఏడాది బండి అని ప్రభుత్వానికి పూచీ ఇచ్చేది గుర్తింపు ఉన్న క్లబ్బులే. క్లబ్బు సంతకం ఉంటే పాత నంబరు తిరిగి రావచ్చు.

బాగుచేస్తూ పోతే బండిలో ఏం మిగిలితే అది పాత బండి అవుతుంది? వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ దీనికి చాలా ఏళ్ళు ఒక లెక్క పాటించింది. బాడీ డొల్లకు 5 పాయింట్లు. సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్సు, స్టీరింగు ఒక్కోదానికి 2. ఇంజనుకు ఒక్కటంటే ఒక్కటి. ఎనిమిది వస్తే పాత నంబరు నిలిచేది. కారంటే ఇంజనే అనుకునేవాళ్ళకు ఇది మింగుడుపడదు గానీ, లెక్క న్యాయమైనదే. ఇంజను బోల్టులు విప్పి మార్చేసే వస్తువు. డొల్ల తుప్పుపట్టి పోయిందంటే ఆ బండి పోయినట్టే.

అందుకే మైనర్ కొనబోయేవాళ్ళు ఇంజను చప్పుడు తర్వాత వింటారు. ముందు బండి కిందికి దూరతారు. తలుపుల కింద పెట్టెలాంటి రేకులు, వెనక స్ప్రింగులు తగిలించే చోట్లు, టార్షన్ బార్ల కొసలు పట్టుకునే అడ్డదూలం: చాసిస్ లేని బండికి ఎముకలు ఇవే. పైన రంగు తళతళలాడుతూ లోపల ఇవి పొడిపొడిగా రాలే బండ్లు బోలెడు. ఆ టింకరింగు ఖర్చుకు ఇంకో బండి వస్తుంది.

రెండో గండం ట్రనియన్. ముందు చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు కాలికి మరలు ఉంటాయి, ఆ మరలు ఎక్కే దిమ్మె ట్రనియన్. గ్రీజు అందకపోతే మరలు అరిగి ఒకరోజు ఊడిపోతాయి, చక్రం పక్కకు వాలి బండి ముక్కు రోడ్డుకు ఆనుతుంది. ఎక్కువగా మెల్లగా మలుపు తిరిగేటప్పుడే ఇలా జరగడం అదృష్టం. మందు చవకే: గ్రీజు తుపాకీ. క్లబ్బులో కొత్తవాళ్ళకు పెద్దలు చెప్పేదేమంటే, గ్రీజు కొట్టేముందు జాకీ ఎత్తి చక్రం మీద బరువు తీసేయాలి. లేకపోతే గ్రీజు వెళ్ళాల్సిన పక్కకు వెళ్ళదు.

క్లబ్బులు నిజంగా కంగారుపడింది పెట్రోలు మారినప్పుడు. ఇంజను 'నాకింగ్' ఆపడానికి పెట్రోలులో కలిపే సీసానికి ఇంకో పని కూడా ఉండేది. అది ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే అంచు మీద సన్నటి పొరగా పేరుకునేది. ఏ సిరీస్ ఇంజనులో ఆ అంచు మెత్తటి పోతఇనుము. పొర లేకపోతే ఎర్రగా కాలిన వాల్వు ఇనుముకు క్షణకాలం అతుక్కుంటుంది, లేచేటప్పుడు చిన్న రవ్వను పీకేస్తుంది. అలా వేలసార్లు జరిగేసరికి వాల్వు లోపలికి దిగిపోయి కంప్రెషన్ పోతుంది. బ్రిటన్‌లో 2000 జనవరి నుంచి సీసం పెట్రోలు సాధారణ అమ్మకంలో లేదు. మన దేశంలోనూ మరుసటి నెలే ఆగింది. పాత బండ్ల క్లబ్బుల సమాఖ్య అంతకుముందే రకరకాల రసాయనాలను ఇంజను మీద పరీక్ష చేయించి, ఏవి పనిచేస్తాయో సభ్యులకు చెప్పింది. శాశ్వతమైన మార్గం మాత్రం లేతు పని: సిలిండర్ హెడ్‌ను తొలిచి గట్టి ఉక్కు సీట్లు కొట్టించడం.

ఇంజను కుటుంబం పెద్దది కావడం మైనర్‌కు కలిసొచ్చింది. ఇసిగోనిస్ 1959లో తెచ్చిన మినీ, ఆస్టిన్ హీలీ స్ప్రైట్, తొలి ఎంజీ మిడ్జెట్లు అన్నీ ఏ సిరీస్ మీదే నడిచాయి, ఆ ఇంజను 2000 దాకా తయారైంది. గాస్కెట్లకూ పిస్టన్లకూ కరువు రాలేదు. కరువు రేకులకే. బాత్ ఊళ్ళో చార్లెస్ వేర్ అనే ఆయన మైనర్ల బాగుచేతకే ఒక కేంద్రం పెట్టి, పదేళ్ళకు పారేసే కొత్తకారు కన్నా బాగుచేసుకుంటూ పోయే పాతకారే మేలని పుస్తకం రాశాడు. ఆపై శ్రీలంకలో ఒక వర్క్‌షాపు పెట్టించి, అక్కడి పనివాళ్ళ చేత మైనర్ రేకులు చేయించి ఇంగ్లండుకు తెప్పించాడు. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి ఓడలెక్కిన బండికి ఒంటిరేకులు తిరుగుదారిన వచ్చాయి.

2018 మే నుంచి నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు బ్రిటన్‌లో ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా సొంతంగా చేయించుకునేవాళ్ళు ఉన్నారు. ట్రనియన్ గురించి తెలిసినవాళ్ళకు అది తెలివైన పనే. సభ్యుల్లో రెండు వర్గాలు ఎప్పుడూ ఉంటాయి. డైనమో, డ్రమ్ము బ్రేకులు, నాలుగు గేర్లు కంపెనీ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉండాలని ఒకరంటారు. ముందు డిస్కు బ్రేకులు, ఫోర్డ్ ఐదు గేర్ల పెట్టె, ఆల్టర్నేటరు బిగించి హైవే ఎక్కేవాళ్ళు రెండోవాళ్ళు. వెనక లారీ హారన్ కొడుతుంటే స్వచ్ఛత ఎంతసేపు నిలుస్తుందన్నది వీళ్ళ వాదన.

పెట్రోలు దగ్గర ఇద్దరిదీ ఒకే తంటా. 2021 సెప్టెంబరులో బ్రిటన్ మామూలు పెట్రోలు ఇ10 అయింది. అందులో పది శాతం దాకా ఇథనాల్. అది తేమను పీల్చి ట్యాంకులో తుప్పు పుట్టిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి పగలగొడుతుంది. మైనర్ యజమానులు ఖరీదెక్కువైనా ఐదు శాతం మించని సూపర్ రకం పోయిస్తారు, లేదంటే గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయిస్తారు. మన బంకుల్లో ఇప్పుడు ఇ20 వచ్చింది. పాత అంబాసిడర్‌ను షెడ్డులో దాచుకున్న హైదరాబాదు, విజయవాడ యజమానులు మెకానిక్‌ను అడగాల్సిన మొదటి సామాను కూడా ఆ గొట్టాలూ ఆ వాషర్లే.