డీజిల్ ఆగిపోయిన నగరంలో ఆకుకూరలు ఎలా పండాయి? హవానా నుంచి మనం నేర్చుకోవలసినవి



మన శిక్షణ తరగతుల్లో క్యూబా పేరు తరచు వినిపిస్తుంది. "అక్కడ దేశం మొత్తం మందులు, ఎరువులు మానేసి సేంద్రియంలోకి వెళ్లిపోయింది" అని చెప్తుంటారు. అది సగం నిజమే. మిగతా సగం తెలుసుకోకుండా ఆ మాట పక్క పొలం రైతుతో అంటే, వాళ్ల అబ్బాయి ఫోన్‌లో చూసి "క్యూబా ఇప్పటికీ తిండి దిగుమతి చేసుకుంటోంది కదండీ" అంటాడు. అప్పుడు మన దగ్గర సరైన సమాధానం ఉండాలి. లేకపోతే ఆ రైతు క్యూబాతో పాటు మన జీవామృతాన్ని కూడా నమ్మడం మానేస్తాడు. అందుకే క్యూబా రాజధాని హవానాలో నిజంగా ఏం జరిగిందో, ప్రయాణం, తిండి, ఆరోగ్యం మూడూ కలిపి, మంచీ చెడూ రెండూ చెప్పుకుందాం.

అసలు ఏం జరిగింది?

క్యూబా ఒక ద్వీపం. ఆ రోజుల్లో జనాభా సుమారు 1 కోటి 10 లక్షలు. అందులో 20 లక్షల మంది దాకా హవానాలోనే ఉండేవారు. 1990కి ముందు ఆ దేశం చెరకు పండించి, పంచదారను మంచి ధరకి సోవియట్ యూనియన్‌కి అమ్మేది. బదులుగా చౌకగా పెట్రోలు, డీజిల్, యూరియా, పురుగుమందులు, ట్రాక్టర్లు వచ్చేవి. తినే తిండిలో కూడా చాలా భాగం ఓడల్లో వచ్చేదే. అంటే పంటేమో ఒక్కటి, కొనేది అన్నీ.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. అమెరికా ఆంక్షలు ముందునుంచే ఉన్నాయి. దాంతో ఆయిల్ పడిపోయింది, ఎరువులు రావడం దాదాపు ఆగిపోయింది. బస్సులు షెడ్లలో ఉండిపోయాయి. పల్లెల్లో పండిన కాస్త కూరగాయలు కూడా నగరానికి చేర్చడానికి లారీకి డీజిల్ లేదు, నిల్వ పెట్టడానికి కరెంటు లేదు. ఆ కాలాన్ని అక్కడ "ప్రత్యేక కాలం" అన్నారు. పేరు గొప్పగా ఉంది గానీ అది ఆకలి కాలం.

ఒక్క విషయం ఇక్కడే గుర్తు పెట్టుకోండి. క్యూబా ఇష్టపడి సేంద్రియంలోకి వెళ్లలేదు. వేరే దారి లేక వెళ్లింది.

ప్రయాణం ఎలా సాగింది?

మొదట సైకిళ్లు వచ్చాయి. చైనా నుంచి 10 లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించారు, తర్వాత సొంతంగా తయారు చేయడం కూడా మొదలుపెట్టారు. హవానాలో రేవు కింద నుంచి వెళ్లే సొరంగం ఒకటి ఉంది. అందులో సైకిల్ తొక్కడం ప్రమాదం. అందుకని సీట్లు తీసేసిన బస్సుల్లో మనుషుల్ని, సైకిళ్లని కలిపి అవతలికి చేర్చేవాళ్లు.

రెండోది "ఒంటె" బస్సు. లారీ ఇంజన్ వెనక పొడవాటి బోగీ తగిలించారు. పైకప్పు రెండు చోట్ల ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి జనం ఆ పేరు పెట్టారు. ఒక్కో ట్రిప్పులో దాదాపు 300 మంది ఎక్కేవాళ్లు. ఉక్కపోత, తొక్కిడి, జేబుదొంగలు, అన్నీ ఉండేవి. అయినా ఒక్క ఇంజన్ తాగే డీజిల్‌తో అంతమంది పనికి వెళ్లగలిగారు. 2008 వరకు అవి హవానాలో తిరిగాయి.

మూడోది నాకు బాగా నచ్చింది. ఊరి చివర రోడ్డు మీద పసుపు బట్టలు వేసుకున్న ప్రభుత్వ ఉద్యోగులు నిలబడతారు. ఖాళీ సీట్లతో వెళ్లే ప్రభుత్వ వాహనాన్ని ఆపి, అటు వెళ్లే వాళ్లను వరస ప్రకారం ఎక్కిస్తారు. కొత్త బస్సు కొనలేదు, కొత్త రోడ్డు వేయలేదు. ఉన్న బండిలో ఉన్న ఖాళీని వాడుకున్నారు, అంతే.

పంట నగరంలోకి వచ్చింది

లారీ నడవకపోతే ఏం చెయ్యాలి? తినే మనిషి దగ్గరే పండించాలి. ఖాళీ స్థలాలు, చెత్త వేసే జాగాలు, అపార్ట్‌మెంట్ల మధ్య నేలలు సాగులోకి వచ్చాయి. ఆ నేలలో ఎక్కువగా రాళ్లు, సిమెంటు పెళ్లలే ఉండేవి. అందుకని ఇటుకలు, విరిగిన రేకులు, ఏది దొరికితే అది చుట్టూ పేర్చి, ఎత్తు మడులు కట్టి, మట్టి, కంపోస్టు కలిపి నింపారు. ఈ మడుల తోటల్నే అక్కడ "ఆర్గానోపోనికో" అంటారు. వీడియో చూసేటప్పుడు మడి వెడల్పు గమనించండి. మనిషి రెండు పక్కల నుంచీ చెయ్యి చాపితే మధ్యకి అందేటంత, సుమారు 4 అడుగులు మాత్రమే ఉంటుంది. మడిలో కాలు పెట్టే పని లేదు కాబట్టి మట్టి గట్టిపడదు.

హవానా తూర్పున అలమార్ అనే కాలనీ ఉంది. అక్కడ 1997లో చిన్న జాగాలో కొద్దిమంది మొదలుపెట్టిన సహకార తోట తర్వాత దాదాపు 25 ఎకరాలకు పెరిగింది. వందమందికి పైగా పని చేశారు. వానపాముల ఎరువు తోటలోనే తయారవుతుంది. మడుల చుట్టూ బంతి, పొద్దుతిరుగుడు, మొక్కజొన్న కంచె పంటలుగా వేస్తారు. వేప కూడా వాడతారు. కోసిన ఆకుకూర గేటు దగ్గరే అమ్ముతారు. పొద్దున కోసింది మధ్యాహ్నానికి వంటింట్లో ఉంటుంది. లారీ లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు, మధ్యవర్తి లేడు.

ఇది ఉత్సాహంతో మాత్రమే నడిచిన పని కాదు. దీని వెనక మూడు ఏర్పాట్లు ఉన్నాయి.

ఒకటి, భూమి. 1993లో పెద్ద పెద్ద ప్రభుత్వ క్షేత్రాలను విడగొట్టి, సహకార సంఘాలకు సాగు హక్కు ఇచ్చారు. యాజమాన్యం ప్రభుత్వానిదే, పండించుకునే హక్కు పండించేవాళ్లది.

రెండు, ధర. 1994లో రైతు బజార్లు తెరిచారు. మిగులు పంటను అక్కడ తమ ధరకు అమ్ముకునే వీలు కలిగింది.

మూడు, ముందస్తు జ్ఞానం. జీవ నియంత్రణ మీద పరిశోధన కష్టం రాకముందే, 1980లలోనే నడుస్తోంది. ట్రైకోగ్రామా గుడ్లు, బవేరియా బాసియానా వంటివి తయారుచేసే చిన్న కేంద్రాలు దేశమంతటా 200కు పైగా ఏర్పడ్డాయి. పల్లెల్లో ముసలి రైతులు ఎద్దుల్ని అలవాటు చేయడం కుర్రాళ్లకు నేర్పారు. 1997 నుంచి రైతు సంఘం ద్వారా "రైతు నుంచి రైతుకి" అనే పద్ధతి నడిచింది. మన దగ్గర అనుభవం ఉన్న రైతులు పక్క ఊళ్లకు వెళ్లి నేర్పుతున్నారు చూడండి, అచ్చం అలాగే.

ఆరోగ్యం మాటేమిటి?

ఇక్కడే చాలామంది సగం చెప్పి వదిలేస్తారు.

తిండి తగ్గింది, నడక, సైకిల్ పెరిగాయి. పెద్దవాళ్లు సగటున సుమారు ఐదున్నర కిలోల బరువు తగ్గారు. తర్వాతి ఏళ్లలో సుగర్ వల్ల, గుండె జబ్బుల వల్ల చనిపోయేవాళ్లు తగ్గారు. బరువు మళ్లీ పెరగగానే సుగర్ కూడా మళ్లీ పెరిగింది. ఈ సంగతి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

కానీ అదే కాలంలో 50,000 మందికి పైగా చూపు మందగించింది, కాళ్లు చేతులు తిమ్మిరెక్కాయి. పోషణ లోపం, ముఖ్యంగా బి విటమిన్లు అందకపోవడం దీనికి పెద్ద కారణం. దేశమంతా విటమిన్ మాత్రలు పంచాకగానీ అది అదుపులోకి రాలేదు. కాలనీలోనే డాక్టరు, నర్సు ఉండే పద్ధతి 1984 నుంచే ఉండబట్టి జబ్బును గుర్తించి, మాత్రలు ఇంటింటికీ చేర్చగలిగారు.

కాబట్టి "తిండి తక్కువైతే ఆరోగ్యం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆకుకూర, నడక మంచివే. వాటితో పాటు పప్పు, గుడ్డు, పాలు, తిండిగింజలు కంచంలో ఉండాలి.

ఇప్పుడు ఆ కుర్రాడికి సమాధానం

అవును, క్యూబా ఇప్పటికీ తిండిలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటోంది. మడుల తోటలు నగరానికి కూరగాయలు పెట్టాయి గానీ బియ్యం, గోధుమ, నూనె పెట్టలేకపోయాయి. 2000 తర్వాత వెనిజులా నుంచి ఆయిల్ రాగానే సైకిళ్లు చాలావరకు మూలపడ్డాయి. కొన్ని పంటలకు రసాయనాలూ తిరిగొచ్చాయి. బలవంతంగా వచ్చిన అలవాటు, బలవంతం పోగానే పోతుంది. తోటలు మాత్రం చాలా నిలిచాయి. ఎందుకంటే వాటిలో పనిచేసేవాళ్లకు ఆదాయం ఉంది.

దీని పక్కనే శ్రీలంకను పెట్టి చూడండి. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. రైతుకి శిక్షణ లేదు, సరిపడా కంపోస్టు లేదు. వరి దిగుబడి పడిపోయింది. నవంబరు కల్లా నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. కాబట్టి ముందు నేల, తర్వాత నేర్పు, తర్వాత మార్పు. ఈ వరస తప్పితే నింద ప్రకృతి వ్యవసాయం మీద పడుతుంది.

మనం చేయగలిగినవి

1. దూరం కూడా ఖర్చే. విత్తనం, కూలి లెక్క రాసినట్టే, పంట ఎన్ని కిలోమీటర్లు తిరిగి వంటింటికి చేరుతోందో రాసుకోండి. ఆకుకూర, వంకాయ, బెండ వంటివి దగ్గర టౌనుకే వేయండి. దూరం వెళ్లేవి పప్పులు, బియ్యం, బెల్లం లాంటి నిలవుండే సరుకులు కావాలి.

2. ఖాళీ సీటు వాడండి. ఒకే ఊరి నుంచి నలుగురు రైతులు నాలుగు బండ్ల మీద రైతు బజారుకి వెళ్లే బదులు, ఒక్క ఆటోలో నలుగురి సరుకు వెళ్లాలి. ఎవరు ఏ రోజు వెళ్లాలో వంతులు వేసుకోండి. పాల వ్యాను, ఆర్టీసీ పార్సిల్, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చే బండి, అన్నీ అడిగి చూడండి.

3. మందు ముందే సిద్ధంగా ఉండాలి. పురుగు పడ్డాక కషాయం కాయడం కాదు. నాలుగైదు ఊళ్లకు ఒక చోట కషాయాలు, ట్రైకోడెర్మా, వానపాముల ఎరువు ఎప్పుడూ నిల్వ ఉండేలా సంఘంగా చూసుకోండి.

4. ఒక్కసారిగా మొత్తం పొలం మార్చకండి. మొదట అరెకరం, లేకపోతే పెరటి మడి. ఇంటి కంచం నిండాక మార్కెట్.

5. ముందు మన ఇంటి ఆరోగ్యం. పండించిన మంచి కూరగాయ అంతా అమ్మేసి ఇంటికి పుచ్చులు ఉంచుకునే అలవాటు మానండి.

హవానా వాళ్లకు కష్టం ఒక్కసారిగా వచ్చి పడింది. ఎంచుకునే తీరిక లేదు. మనకు ఆ తీరిక ఇంకా ఉంది. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ ఒకసారి ఈ లెక్కలు తీసి చూసుకోండి. వచ్చే సీజన్‌కి మీ ఊళ్లో ఆ ఒక్క ఆటో వంతులైనా మొదలైతే, అది మంచి ప్రారంభమే.