లారీలో టిక్కుమనే రిలే

సాయంత్రం ఆరు దాటాక మియాపూర్ క్రాస్‌రోడ్స్ దగ్గర ముంబై హైవే దాటడం చిన్న పని కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడకు వెళ్లే లారీలు, విజయవాడకూ బెంగళూరుకూ బయల్దేరే ట్రావెల్స్ బస్సులు, మధ్యలో ఐటీ కంపెనీల క్యాబులు. అక్కడ ఆగిన లారీల ముఖాలు చూడండి. కంపెనీ ఇచ్చిన దీపాలు చాలక బంపరు మీద ఫాగ్ లైట్లు, టాపు మీద ఎల్‌ఈడీ బారు, పక్కల రంగురంగుల లైట్లు. క్యాబిన్‌లో ఫ్యాను, ఫోన్ ఛార్జర్లు, పాటల పెట్టె, కొన్నింట్లో ఇన్వర్టరు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ కూడా తప్పనిసరి. వీటన్నిటికీ స్విచ్చులు ఏ పద్ధతిలో పెట్టాలన్నది కొత్త లారీ కొన్న ప్రతి యజమానికీ ఎదురయ్యే ప్రశ్న. ఇందులో పొరపాటు జరిగితే దీపం మసకబారడం దగ్గర్నుంచి లారీ తగలబడడం దాకా ఏదైనా జరగొచ్చు.

ముందు లెక్క చూద్దాం. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. 70 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు నాలుగు బిగిస్తే 280 వాట్లు, అంటే దాదాపు 12 ఆంపియర్లు. బ్యాటరీ ఛాసిస్ పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి వైరు డ్యాష్‌బోర్డు దాకా ఎక్కి, స్విచ్చులోంచి మళ్లీ బంపరుకు దిగేసరికి పది మీటర్లు ఇట్టే అయిపోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు సుమారు 0.017 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. పది మీటర్లలో 12 ఆంపియర్లు పారితే 2 వోల్టులు దారిలోనే పోతాయి. హాలోజన్ బల్బుకు వోల్టేజి కొద్దిగా తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. ఈ 2 వోల్టులకే వెలుగులో నాలుగో వంతు మాయం. పోయిన 24 వాట్లు ఎక్కడికీ పోవు, ఆ వైరు పొడవునా వేడిగా మిగులుతాయి.

దీనికి తోడు మరో అలవాటు ఉంది. ఇంటి గోడకు పెట్టే స్విచ్చును తెచ్చి డ్యాష్‌బోర్డుకు బిగిస్తారు. 230 వోల్టులు తట్టుకునేదానికి 24 ఒక లెక్కా అనుకుంటారు. ఇంటి కరెంటు ఏసీ. అది సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, కాబట్టి స్విచ్చు ఆర్పినప్పుడు లేచే మెరుపు తనంతట తానే చచ్చిపోతుంది. లారీ కరెంటు డీసీ. దానికి సున్నా లేదు. మెరుపు సాగి సాగి స్విచ్చు లోపలి కాంటాక్టులను కాల్చేస్తుంది.

ఈ చిక్కుకు జవాబు లారీ పుట్టడానికి అరవై ఏళ్ల ముందే దొరికింది. గోట్లీబ్ డైమ్లర్ మొదటి మోటారు లారీని 1896లో తయారుచేశాడు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ కాలేజీలో జోసెఫ్ హెన్రీ అనే అధ్యాపకుడు 1835 ప్రాంతంలోనే విద్యార్థులకు ఒక ప్రయోగం చేసి చూపేవాడు. వందల పౌన్ల బరువును మోస్తున్న ఒక పెద్ద విద్యుదయస్కాంతం. దానికి కరెంటు అందించే తీగ చివర్లు పాదరసం గిన్నెల్లో మునిగి ఉండేవి. పొడవాటి తీగ గుండా వచ్చే బలహీనమైన కరెంటుతో ఒక చిన్న అయస్కాంతం పనిచేసి, ఆ గిన్నెల్లోంచి చిన్న తీగ ముక్కను పైకి లాగేది. సర్క్యూట్ తెగి, బరువంతా దభీమని నేల మీద పడేది. తూము షట్టరు ఎత్తే మనిషి బలానికీ కాలువలో పారే నీటి బలానికీ సంబంధం లేనట్టే, ఆజ్ఞ ఇచ్చే కరెంటు వేరు, పని చేసే కరెంటు వేరు అని హెన్రీ నిరూపించాడు. అదే రిలే.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ ఇదే ఊహకు 1838లో పేటెంటు తీసుకున్నాడు. మోర్స్ టెలిగ్రాఫు, ఆ తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు రిలేల మీదే నడిచాయి. మియాపూర్‌కు మాత్రం ఈ కథలో మరో మజిలీ ముఖ్యం. 1937లో ఎంఐటీ విద్యార్థి క్లాడ్ షానన్, రిలేలు తెరుచుకోవడం మూసుకోవడాన్ని బూల్ బీజగణితంతో రాయవచ్చని తన మాస్టర్స్ స్థాయి సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూసె రెండు వేలకు పైగా రిలేలతో జెడ్-3 అనే కంప్యూటర్‌ను నడిపించాడు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల లేచిన ఐటీ భవనాల్లో రాసే ప్రతి ప్రోగ్రాము వెనకా ఆ తర్కమే ఉంది. బయట ఆగిన లారీ బానెట్ కింద ఉన్న రిలే, లోపల నడిచే కంప్యూటరుకు పూర్వీకుడు.

ఆ రిలేను చేతిలోకి తీసుకుని చూడండి. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల పెట్టె. అడుగున కాళ్ల పక్కన అంకెలు: 30, 87, 85, 86. జర్మన్ ప్రమాణం పెట్టిన ఈ అంకెలు ప్రపంచంలో చాలాచోట్ల ఒకటే. 30కి బ్యాటరీ ప్లస్, 87కి దీపం, మిగతా రెండూ కాయిల్‌వి. మూత తీస్తే సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్, దాని మీద స్ప్రింగు పట్టి ఉంచిన ఇనప రేకు. డ్యాష్‌బోర్డు స్విచ్చు నుంచి వచ్చేది ఆంపియరులో పదో వంతు లోపే. అది చాలు, రేకు టిక్కుమని వాలుతుంది. 12 ఆంపియర్లూ బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో నేరుగా బంపరుకు వెళ్తాయి. పై లెక్కలో పది మీటర్లున్న దారి మూడుకు దిగితే నష్టం అర వోల్టుకు కాస్త పైన ఆగుతుంది.

కొనేటప్పుడు ఒక సంగతి గట్టిగా చూసుకోవాలి. కారు రిలే 12 వోల్టులది. దాన్ని 24 వోల్టుల లారీలో పెడితే కాయిల్‌లో నాలుగింతల వేడి పుట్టి మాడిపోతుంది. కాంటాక్టుల సంగతీ అంతే. 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు తెంచగలిగే రకాలకు 24 వోల్టుల దగ్గర తరచు 20 మాత్రమే రాసి ఉంటుంది. డీసీ మెరుపు సంగతి ఇక్కడా వదలదు.

ఇంకొకటి హెన్రీయే మనకు మిగిల్చాడు. కాయిల్‌కు కరెంటు ఆపగానే అది ఒక్కసారిగా ఎదురు తిరిగి వందల వోల్టుల కుదుపు విసురుతుంది. ఈ స్వీయ ప్రేరణను కనిపెట్టినవాడు ఆయనే, అందుకే దాని ప్రమాణానికి హెన్రీ అని పేరు. పాత లారీలకు ఆ కుదుపు పట్టింపు లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల నిండా ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు. కాబట్టి కాయిల్‌కు అడ్డంగా డయోడు గానీ రెసిస్టరు గానీ ఉన్న రిలేనే అడిగి తీసుకోవాలి. అది లోపలే అమర్చి అమ్ముతున్నారు.

ఇప్పుడు మార్కెట్లో రిలేకు పోటీ వచ్చింది. ఆరేడు బటన్ల చిన్న ప్యానెల్, ఒక కంట్రోల్ బాక్సు, ఫోన్‌లో యాప్. వీటిలో మంచి రకాల్లో రిలే బదులు మాస్‌ఫెట్ అనే సెమీకండక్టర్ స్విచ్చు ఉంటుంది. అరిగే కాంటాక్టులుండవు, షార్టయితే తనే తెంచుకుంటుంది. చవక రకాల్లో పెట్టె విప్పితే లోపల మామూలు రిలేలే కనిపిస్తాయి. కంపెనీ అమర్చిన వైరింగు మాత్రం బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతిలో మాట్లాడుకుంటుంది. స్విచ్చు ఒక సందేశం పంపితే దూరంగా ఉన్న యూనిట్ దీపం వెలిగిస్తుంది. ఆ వైర్లను మధ్యలో కోసి ఫాగ్ లైట్‌కు కలపడం అసలు పనికిరాదు.

రిలేకు కాలం చెల్లిందా అంటే, 2023 మే 16న మియాపూర్ క్రాస్‌రోడ్స్ నుంచే విజయవాడకు బయల్దేరిన ఆర్టీసీ ఈ-గరుడ విద్యుత్ బస్సులు జవాబు చెబుతాయి. విద్యుత్ వాహనాల్లో వందల వోల్టుల బ్యాటరీని మోటారుకు కలిపేది కాంటాక్టరు. పేరు మారినా అదీ రిలేనే. మెరుపును ఆర్పడానికి లోపల ప్రత్యేక వాయువు, పక్కకు నెట్టడానికి అయస్కాంతాలు మాత్రం అదనం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు మూడు అదనపు పరికరాలున్న లారీకి ఒక్కొక్కదానికి విడి రిలే, విడి ఫ్యూజు చాలు. అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర పాడైనా ఏ సెల్ఫ్ డైనమో షాపులోనైనా దొరుకుతుంది, పది నిమిషాల్లో మార్చవచ్చు. ఆరేడు ఉంటే ప్యానెల్ తీసుకోండి, అదీ 24 వోల్టులకు సరిపడేదని స్పష్టంగా రాసి ఉంటేనే. ఏది ఎంచుకున్నా ఫ్యూజును బ్యాటరీ పక్కనే, వైరు మొదట్లోనే పెట్టించండి. అది కాపాడేది వైరును, ఆ వైరు పక్కన నిద్రపోయే క్లీనర్‌ను. ఫ్యూజు పోతే పెద్దది వేయమని మెకానిక్‌ను అడగకండి, ఎందుకు పోయిందో చూడమని అడగండి.