తూకానికి వేసేముందు పానా మీద గుర్తు చూడండి

హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్ సమీపాన ప్రతి గురువారం ఓ సంత సాగుతుంది. ఉర్దూలో గురువారాన్ని జుమేరాత్ అంటారు గనుక దాని పేరు జుమేరాత్ బజార్. పాత పానాలు, జాకీలు, సుత్తులు, మోటారు విడిభాగాలు అక్కడ నేలమీదే కుప్పలుగా పోసి అమ్ముతారు. దారినపోయేవారికి అది తుప్పు పట్టిన ఇనుము. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి మిలిటరీ బండిని మళ్ళీ నడిపించాలనుకునేవారికి మాత్రం వెదకదగ్గ చోటు.

సికిందరాబాదు కంటోన్మెంటు 1806లో వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాలు మోరిస్, బెడ్‌ఫర్డ్ ట్రక్కులు వాడాయి. 1945లో యుద్ధం ముగిశాక మిగులు వాహనాలను మన దేశంలో ప్రభుత్వం అమ్మివేసింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా శాఖ ప్రారంభించినప్పుడు వచ్చిన ఆల్బియన్ బస్సులు కూడా స్కాట్లండు తయారీయే. ఇలాంటి బండ్లకు నేటి పానాలు సరిపడవు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ కొలత వేరు

ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించారు. మెకానిక్కులు త్రెడ్లు అనేవి ఈ మరలనే. 1908లో బి.ఎస్.ఎఫ్. అనే సన్న మర వచ్చింది. బ్రిటిష్ బండ్లు, యంత్రాలు చాలాకాలం ఈ రెండింటి ప్రకారమే తయారయ్యాయి.

ఈ పానాల మీది అంకె పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. పావు అంగుళం విట్‌వర్త్ నట్టును ఎదురుబొదురు అంచుల మధ్య కొలిస్తే సుమారు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 నంబరు పానా దానికి ఎక్కదు. 14 ఎక్కినా వదులు. బలం పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రబడుతుంది. ఆపైన ఉలి, సుత్తి తప్పవు. ఆ దెబ్బకు పోత ఇనుము పగిలితే అలాంటి భాగం మళ్ళీ దొరకడం కష్టం.

మిలిటరీ బండ్లన్నీ ఒకటే అనుకోరాదు. యుద్ధకాలపు విల్లీస్ జీపు అమెరికా తయారీ, దాని మరలు వేరు. అరంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలుంటే, అమెరికా ముతక మరకు 13 ఉంటాయి. ఒకదాని నట్టు మరొకదానికి ఎక్కిస్తే కొద్ది చుట్లలోనే బిగుసుకుపోతుంది. యుద్ధంలో ఈ తేడాతో ఇబ్బందులు పడిన అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు 1948లో ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి.

కాకిపాదం గుర్తు

కొనదలచినవారు విప్పిన నట్టును జేబులో వేసుకుని వెళ్ళడం మేలు. పానాను దానికి తొడిగి చూడాలి. నోరు విచ్చుకున్నా, ఆకురాయి పెట్టి అరగదీసినా వద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. కాకిపాదంలాంటి బాణం గుర్తుంటే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసిన ముద్ర. కెనడా సైన్యపు వస్తువైతే బాణం ఇంగ్లీషు 'సి' అక్షరం లోపల ఉంటుంది. గుర్తు లేనంతమాత్రాన పానా పనికిరానిది కాదు, కొలత కుదిరితే చాలు. అమ్మేవారిని రసీదు అడగడం మరువరాదు.

మన పొలాల్లోనూ ఉన్నాయి

ఈ సంగతి నగరంలో పాత బండ్లు సేకరించేవారికే పరిమితం కాదు. ఇంగ్లండు నుంచి వచ్చిన లిస్టర్, పెటర్ ఇంజన్లు మన బావుల మీద నీళ్ళు తోడాయి. వాటి నట్లు, బోల్టులదీ ఆ కొలతే. ఇంజనుతోపాటు వచ్చిన పానాలు ఇంకా కొందరి అటకల మీద, పశువుల కొట్టాల్లో పడి ఉండవచ్చు. పాత ఇనుము కొనేవాడు వాటిని కిలోల లెక్కన తీసుకుంటాడు. కొలిమికి చేరాక కొలతా ఉండదు, గుర్తూ ఉండదు.

అందుకని తూకానికి వేసేముందు ఒక్కసారి తుడిచి చూడండి. 'డబ్ల్యు' అనో, 'బి.ఎస్.ఎఫ్.' అనో ఉంటే నూనె రాసి దాచండి. ఊళ్ళో పాత ఇంజను ఇంకా ఉంటే ముందు దానికే అవసరం. లేకపోతే కిలోల లెక్కన కాక, పానాగా కొనేవారికే అమ్మండి.