తలకాయ మీద డాలు

ఏరా చిన్నోడా, నిన్న దోసెల పెనం నెత్తిన పెట్టుకుని యుద్ధానికి బయల్దేరావటగా, మీ అమ్మమ్మ చెప్పింది. పోన్లే, పాత ఆలోచనే. 40 కోట్ల ఏళ్ల కిందటే ఓ చేప ఆ పని చేసింది.

దాని పేరు సెఫలాస్పిస్. గ్రీకులో తల, డాలు అనే రెండు మాటల్ని కలిపి, 1835లో లూయీ అగసీ అనే ఆయన పెట్టాడు. స్కాట్లాండు ఎర్ర ఇసుకరాళ్లలో దొరికిన శిలాజం అది. చేపేమో జానెడు. తలను కప్పుతూ గుర్రపు నాడా ఆకారంలో ఒకే ఎముక పలక. రెండు కళ్లూ నడినెత్తిన పక్కపక్కనే ఉండి ఆకాశంకేసి చూస్తుంటాయి. నోరు అడుగున. దవడల్లేవు, అంటే నీలాగా జంతికలు కొరికే యోగం లేదన్నమాట.

ఇదే ఇంటిపేరుతో ఇప్పుడూ కొన్ని జీవులున్నాయి. సెఫలాస్పిడియా అంటారు, సముద్రపు నత్తలు. చేపకీ వీటికీ చుట్టరికం ఏమీ లేదు, పేరొక్కటే కలిసింది. పైగా వీటి డాలు ఎముక కాదు, ముట్టుకుంటే జున్నుముక్కలా మెత్తగా ఉండే కండ! మరి దేనికంటావా? ఇసుకలో దూరడానికి. ఆ వెడల్పాటి కండను ముందుకు తోసుకుంటూ ఇసుకను చీల్చుకుపోతుంది నత్త. వెనక మొప్ప ఉండే సందులోకి ఇసుక పడకుండా అదే అడ్డం. నన్నడిగితే దాన్ని డాలు అనకూడదు, నాగలి అనాలి. నన్నెవరడిగారులే.

వీటిలో ఫిలైన్ అనేది మరీ గడుసుది. గుల్లను చర్మం కిందే దాచేసుకుంటుంది. చిన్న చిన్న ఆల్చిప్పల్ని గుటుక్కున మింగేస్తుంది. లోపల మూడు సున్నపు పలకలుంటాయి, తిరగలి మింగి కూర్చున్నట్టు, అవే నలగ్గొడతాయి. ఎవరైనా దీన్ని నోట్లో వేసుకోబోతే ఒంట్లోంచి గంధకామ్లం వదులుతుంది. మన ఇన్వర్టరు బ్యాటరీలో పోసేదీ అదే. అది తగిలిన నోరు థూ అనక ఏం చేస్తుంది? ఇక డాలుతో పనేముంది చెప్పు.

ఆ చేప డాలులో మాత్రం పెద్ద కథే ఉంది. దాని జాతివే స్పిట్స్‌బెర్గెన్ దీవిలో దొరికితే, స్వీడన్ ఆయన ఎరిక్ స్టెన్షియో ఆ రాతి తలల్ని పొరలు పొరలుగా అరగదీశాడు. అరగదీసిన ప్రతిసారీ కనపడింది గీసుకున్నాడు. మెదడు కూర్చున్న చోటు, నరాలు, రక్తనాళాలు వెళ్లిన దారులు అన్నీ బయటపడ్డాయి. 1927లో పుస్తకం వేశాడు. గీసుకున్న పొరల్ని మైనంతో పేర్చి తలను మళ్లీ కట్టాడు. అసలు తల అప్పటికే పొడైపోయింది.