చెట్టూ పుట్టా గుట్టా: మీకు తెలుసా?

మొఘలుల చార్‌బాగ్ లాగానో, జపాన్ బౌద్ధుల జెన్ తోట లాగానో చుట్టూ గోడ కట్టి, ఇది పవిత్ర వనం అని బోర్డు తగిలించిన చోటు కోసం బెజవాడ చుట్టుపక్కల వెతికితే దొరకడం కష్టం. మనవాళ్ల పద్ధతి వేరు. గుట్ట ఉంటే దాని మీద దేవుడుంటాడు, పుట్ట ఉంటే దాని లోపలుంటాడు. రావీ వేపా పక్కపక్కనే మొలిస్తే వాటికి పెళ్లి చేసి, చుట్టూ అరుగు కట్టి, మొదట్లో నాగప్రతిమను నిలబెడతారు. గుడి, గోపురం, టికెట్ కౌంటరు ఆ తర్వాతి సంగతి. కృష్ణా డెల్టాలో అలాంటి నేల గురించీ మొక్కల గురించీ కొన్ని ముచ్చట్లు.

ఇంద్రకీలాద్రిలో మొదటి భక్తుడు కొండే

స్థలపురాణం ప్రకారం ఆ కొండ ఒకప్పుడు కీలుడనే యక్షుడు. అమ్మవారి కోసం తపస్సు చేశాడు. ఆమె ప్రత్యక్షమై ఏం కావాలంటే రాజ్యమూ అడగలేదు, ఆయుష్షూ అడగలేదు. తన మీదే నివాసం ఉండమన్నాడు. కొండవై ఎదురుచూడమని చెప్పి వెళ్లిన తల్లి, మహిషాసురుణ్ని సంహరించాక తిరిగొచ్చి మాట నిలబెట్టుకుంది. తర్వాత ఇంద్రుడు వచ్చి పూజించాడని ఇంద్రుడి పేరు, అర్జునుడు పాశుపతం కోసం ఇక్కడే తపస్సు చేశాడని ఆయన కథ వచ్చి చేరాయి. పౌర్ణమి నాడు గిరి ప్రదక్షిణ చేసేవాళ్లు అమ్మవారి చుట్టూ తిరుగుతున్నామనుకుంటారు. లెక్కప్రకారం ఆమెను మోస్తున్న కీలుడి చుట్టూ కూడా.

మోసేవాడికీ ఓపిక ఉండాలి కదా. 2020 దసరా ఉత్సవాల మధ్యలోనే కొండచరియలు విరిగిపడ్డాయి.

ఎగువన జగ్గయ్యపేట దగ్గరి వేదాద్రిది ఇంకో వరస. అక్కడ కొండగా మారింది యక్షుడు కాదు, సాక్షాత్తూ వేదాలే. సోమకాసురుడి చెర నుంచి విడిపించిన విష్ణువును తమ మీద వెలవమని అవి కోరాయనీ, నరసింహుడిగా ఆయన వచ్చాడనీ చెబుతారు. కోరికలో మాత్రం తేడా లేదు.

అమ్మవారి జలవిహారం నీటిపారుదల ఇంజినీర్ల చేతిలో ఉంటుంది

కృష్ణ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకిననాడు కలియుగం అంతమవుతుందని బ్రహ్మంగారి పేరు మీద ప్రచారంలో ఉన్న మాట డెల్టాలో పసిపిల్లలకూ తెలుసు. వరద వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దీన్ని తవ్వితీస్తారు. ఎంత వరదొచ్చినా నీళ్లకూ ముక్కుపుడకకూ మధ్య చాలా కొండ మిగిలే ఉంటుంది గాబట్టి, భయం కన్నా సరదాయే ఎక్కువ.

అసలు విశేషం విజయదశమి సాయంత్రం. గంగా సమేత దుర్గా మల్లేశ్వరులు హంస వాహనం మీద కృష్ణలో విహరించాలి. ఆ నీళ్లు ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచే నీళ్లు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదకు దెబ్బతింటే, దాని బదులు 1957లో తయారైనది ఈ బ్యారేజీ. పైనుంచి వరద ఎక్కువై గేట్లు ఎత్తిన ఏళ్లలో హంసను ఘాట్ దగ్గరే కట్టేసి పూజ ముగించారు. ముహూర్తం పంచాంగం చెబుతుంది. వాహనం కదలాలా వద్దా అన్నది మాత్రం ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయన్న అంకె తేలుస్తుంది.

ఏడాదిలో మూడు రోజులు గుడి కూరగాయల తోట అవుతుంది

ఆషాఢంలో పౌర్ణమితో ముగిసేలా మూడు రోజులు శాకంబరీ ఉత్సవాలు. వందేళ్లు వాన లేక లోకం మాడిపోతుంటే, దేవి తన ఒంటి నుంచే కాయగూరలు పుట్టించి బతికించిందని దేవీమాహాత్మ్యం కథ. ఇంద్రకీలాద్రి మీద ఆ కథను కళ్లకు కట్టిస్తారు. రైతులూ వ్యాపారులూ పంపిన కూరగాయలను సేవకు వచ్చిన ఆడవాళ్లు ముందుగానే కూర్చుని, పెద్ద దబ్బనాలతో పురికొసకు గుచ్చుతారు. పచ్చిమిరప దండలు, నిమ్మకాయ దండలు, కాకర, బెండ, దొండ. వంకాయలైతే తొడిమలన్నీ ఒకే వైపుకు తిప్పి. అలంకారం ముగిశాక ఆ కాయగూరలే కదంబం ప్రసాదంలోకి వెళతాయి.

ఆషాఢమే ఎందుకు? పండితులు తిథులు చెబుతారు. నాకు తోచింది ఇంకోటి. డెల్టా కాలవలకు నీళ్లొదిలి నారుమళ్లు పోసే రోజులవి. చేలో ఇంకా ఏమీ లేదు. పంట చేతికొచ్చాక చెప్పే కృతజ్ఞత సంక్రాంతి. ఇది విత్తనం నేలలో పడకముందే ఇచ్చే అడ్వాన్సు.

తెలుగులో అతి గొప్ప పూలతోట కథ కృష్ణ ఒడ్డున కలలో మొదలైంది

శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్ర జిల్లా ఒక్కటే గుర్తొస్తుంది చాలామందికి. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో నది ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు ఊరు. కళింగ దండయాత్రకు బయల్దేరిన శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్నాళ్లు ఆగి, ఆ స్వామిని చూడటానికి వెళ్లాడు. ఏకాదశి ఉపవాసం చేసి అక్కడే నిద్రపోయాడు. రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి, శ్రీరంగంలో జరిగిన తన పెళ్లి కథను తెలుగులో రాయమన్నాడు. ఈ సంగతి రాయలే కావ్యం మొదట్లో చెప్పుకున్నాడు. ఆ కావ్యమే ఆరు ఆశ్వాసాల ఆముక్తమాల్యద.

కథ నడిచేది తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరులో. విష్ణుచిత్తుడు తోట పెంచి, రోజూ స్వామికి మాల కట్టి ఇచ్చే భక్తుడు. ఆయనకు తులసివనంలో ఒక పసిపాప దొరికింది. ఆమే గోదాదేవి. పెద్దదై, తండ్రి కట్టిన మాలను చాటుగా తన జడలో తురుముకుని, బావి నీళ్లలో నీడ చూసుకుని, తిరిగి బుట్టలో పెట్టేసేది. తండ్రి కంటపడి, తప్పు జరిగిందని తల్లడిల్లితే, స్వామికి ఆ వాడిన మాలే కావాల్సి వచ్చింది. దేవుడి తోటలో పువ్వును వాసన కూడా చూడకూడదన్న కట్టుబాటును ఇంత ధీమాగా తప్పిన పిల్ల మన సాహిత్యంలో మళ్లీ లేదు. ధనుర్మాసం ముప్పై రోజులూ డెల్టాలోని వైష్ణవాలయాల్లో వినిపించే తిరుప్పావై ఈ పిల్లదే.

పల్లెటూళ్ల ఎండనీ వాననీ రాయలు ఆ కావ్యంలో వర్ణించినంత దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. గుర్రం దిగి పొలంగట్ల మీద నడిచిన రాజు అనిపిస్తాడు.

పక్క మండలంలో ఒక చెట్టు కోసం స్వర్గం మీదే యుద్ధం

ఘంటసాల దాటితే మొవ్వ మండలం, అందులో కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపానికి మూలం పారిజాతం కథే. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడని సత్యభామ అలిగింది. అలక తీర్చడానికి పువ్వు చాలదని, కృష్ణుడు ఇంద్రుడి నందనవనం నుంచి చెట్టునే పెకలించుకొచ్చి సత్య పెరట్లో నాటాడు. చెట్టు సత్య పెరట్లో, పూలు రాలేది మాత్రం రుక్మిణి వాకిట్లోనని కొసమెరుపు. సత్యభామ వేషం జీవితంలో ఒక్కసారైనా కట్టాలన్నది కూచిపూడి కుటుంబాల మగవాళ్లకు ఆనవాయితీ. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

పారిజాతానికి ఇంకో మినహాయింపుంది. కింద పడిన పువ్వు పూజకు పనికిరాదంటారు. దీన్ని మాత్రం రాలాకే ఏరాలి, కొమ్మ నుంచి కోయకూడదు. అందుకే చెట్టు కింద ముందు రోజే కల్లాపి చల్లో, పాత చీర పరిచో ఉంచుతారు. రాత్రి విచ్చి, తెల్లారేసరికి తెల్లటి రేకులు నేలకూ నారింజ రంగు కాడ పైకీ పెట్టుకుని పడుంటాయి. పొద్దెక్కితే కమిలిపోతాయి.

అమరావతి శిల్పులు ముందు బుద్ధుణ్ని కాదు, చెట్టును చెక్కారు

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలక ఒకటుంది. రెండు వైపులా చెక్కారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చేతులు జోడించిన జనం. బుద్ధుడు లేడు. ఆయన్ని మనిషి రూపంలో చూపకుండా చెట్టుతో, పాదాలతో, చక్రంతో చెప్పడమే అప్పటి పద్ధతి. కొన్ని శతాబ్దాలు గడిచాక మరో శిల్పి అదే పలకను తిప్పి, వెనక వైపు స్తూపాన్ని చెక్కాడు. ఆ స్తూపం ద్వారం దగ్గర బుద్ధుడు నిలబడి ఉన్నాడు.

ఒకే రాయి. ఒక పక్క చెట్టు కింద ఎవరూ లేరు, ఇంకో పక్క ఆయన వచ్చేశాడు. ఇంత విలువైన రాయి అమరావతిలో లేదన్న బాధ ఎలాగూ ఉంది. ఇటు 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ని కట్టుకున్నాం, అంత ఎత్తున చెట్టును కట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

పుట్ట చెదపురుగులది, పూజ పాముకు

దివిసీమలో మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి పుట్టలోంచి బయటపడ్డాడని చెబుతారు. కుష్ఠుతో బాధపడుతున్న ఒక కుమ్మరి భక్తుడికి కలలో కనిపించి జాడ చెప్పాడట. ఇక్కడ పాము చుట్టలే పానవట్టం, వాటి మీద లింగం. స్వామి తన రోగం తగ్గించాక కుమ్మరి తన విద్యతోనే మొక్కు తీర్చుకున్నాడు. మట్టితో బొమ్మలు చేసి, కాల్చి సమర్పించాడు.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగుల చవితి. తెల్లారకముందే ఆడవాళ్లు పొలంగట్ల మీది పుట్టలకు పాలు, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు పట్టుకెళతారు. వెనకాలే పిల్లలు మిగిలిన టపాకాయలతో. పూజయ్యాక పుట్టమన్ను తడిపి అందరి చెవులకూ రాస్తారు. పాము పాలు తాగదని ఆ రాసే అమ్మమ్మకీ తెలుసు. వరి గింజ తినేది ఎలుక, ఎలుకను తినేది పాము. వడ్లు ఇంటికి చేరబోయే కార్తీకంలోనే ఈ పండగ రావడం ఊరికే కాదు.

ఇంకొన్ని, చకచకా

వినాయక చవితి పూజలో 21 రకాల పత్రి ఉండాలి. మాచిపత్రి, మారేడు, గరిక, ఉత్తరేణి, వావిలి, జమ్మి, జిల్లేడు, తెల్లమద్ది… ఒక చిన్న మూలికా వనం. మామూలుగా వినాయకుడికి పెట్టని తులసికి ఆ ఒక్కరోజు అనుమతి. ఫుట్‌పాత్ మీద కొన్న కట్టలో అన్నీ ఉన్నాయో లేదో విప్పి చూడండి, సగం మామిడాకులే ఉంటాయి. నెత్తిమీద వేలాడే పాలవెల్లి మాత్రం వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులతో తలకిందుల తోటలా నిండుగా ఉంటుంది.

కొండపల్లి బొమ్మల కొలువులో దశావతారాలన్నీ ఒకే చెట్టు, తెల్లపొణికి. కొండపల్లి అడవుల్లో పెరిగే తేలికపాటి కలప. చేతులూ కిరీటాలూ విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ చెట్లు తగ్గిపోవడమే బొమ్మలవాళ్ల పెద్ద బెంగ.

కొల్లేరు మధ్య లంకలో, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉంది. ఆ సరస్సుకు 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించింది. అన్ని గొడవల్లోనూ ఇరు పక్షాలూ మొక్కుకున్నది ఆ తల్లికే. ఫాల్గుణంలో జాతర.

కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేస్తే పుణ్యం. ఉసిరికి ఫలానా కులం వాళ్లే రావాలన్న నియమం లేదు. బెజవాడ ఫ్లెక్సీలు చూస్తే ఉందనిపిస్తుంది.

నది చివరన కాకి హంస అవుతుంది

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి గురించి చెప్పే కథ: జనం పాపాలన్నీ కడిగి కడిగి నల్లబడ్డ గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునగగానే హంసగా మారింది. మాఘ పౌర్ణమికి వేణుగోపాలస్వామి కల్యాణం, సంగమ స్నానాలు. ఆ పక్కనే మడ అడవులు, కృష్ణా అభయారణ్యం. నీళ్లలో చేపలు పట్టుకు తినే బావురుపిల్లికి ఆంధ్రదేశంలో మిగిలిన కొద్ది ఆశ్రయాల్లో ఇదొకటి. అది జనానికి కనిపించడం అరుదు, రాత్రిళ్లు తిరుగుతుంది.

రాజధానికీ మట్టే ముందు వచ్చింది

2015 అక్టోబర్ 22, విజయదశమి. ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన. అంతకుముందే రాష్ట్రంలో ఊరూరా పిడికెడు మట్టి, చెంబుడు నీళ్లు సేకరించి తెచ్చారు. ప్రధాని మోదీ పార్లమెంటు ఆవరణలోని మట్టి, యమునా జలం తీసుకొచ్చారు. ఆ మట్టి విషయంలో, కేంద్రం నుంచి ప్రత్యేక ప్యాకేజీ ఆశించినవాళ్ల చమత్కారాలు ఇప్పటికీ ఆగలేదు.

ఇక నది వంతు. బృహస్పతి కన్యారాశిలోకి వచ్చినప్పుడల్లా కృష్ణకు పుష్కరాలు. కిందటిసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్లీ 2028లో.