నీటి మీద తేలేదంతా అజొల్లా కాదు



రెండేళ్ల కిందట అజొల్లా అని చెబితే ఒకరి దగ్గర రెండు కిలోలు కొని తొట్టెలో వేశాను. కొద్ది రోజుల్లోనే తొట్టె నిండా పచ్చగా పరుచుకుంది. సంబరపడి వరి మడిలో కూడా వదిలేశా. పైరు మాత్రం పాలిపోతూనే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అది డక్‌వీడ్! అగ్రికల్చర్ డిప్లొమా చదివి కూడా పోల్చుకోలేకపోయా.

అసలు ఈ రెండింటికీ చుట్టరికమే లేదండీ. అజొల్లా ఫెర్న్ జాతి. పువ్వు పూయదు, గింజ కట్టదు. దాని ఆకుల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. వరికి మేలు చేసేది అదే. డక్‌వీడ్ ఆకులో ఆ అనబీనా ఉండదు. అది పూలు పూసే మొక్కే, కానీ పువ్వు కంటికి ఆనదు. ఒకప్పుడు దీన్ని లెమ్నేసీ అని వేరే కుటుంబంగా పెట్టారు. డీఎన్ఏ పరిశీలించాక ఏరేసీలో కలిపారు. అంటే మన చేమ, కంద ఉన్న కుటుంబమే! చెరువుల్లో తేలే అంతర తామరదీ ఆ ఇల్లే. పేరులోనే తామర, తామరకు బంధువు కాదు.

పెద్దవాళ్లు కూడా ఇక్కడ పొరబడ్డారు. 1753లో లిన్నేయస్ తామరను, కలువను ఒకే ప్రజాతిలో పెట్టాడు. ఇప్పుడు లెక్క మారింది. కలువ పూల మొక్కల్లో బాగా పాత శాఖ. తామరేమో మెకడమియా గింజల చెట్టు ఉన్న క్రమంలోకి వెళ్లింది. తామర పుప్పొడికి మూడు గాడులుంటాయి, కలువ పుప్పొడికి అలా ఉండవు.

నీళ్లలో బతికేవి కాబట్టి పైకి ఒకేలా కనబడతాయి. అందుకే శాస్త్రవేత్తలు తేలే ఆకును బట్టి కాకుండా పువ్వు, పుప్పొడి, గింజ, డీఎన్ఏ చూసి వర్గం తేలుస్తారు.

మనకు అంత అక్కర్లేదు. కొనేముందు కాస్త అరచేతిలో వేసుకోండి. పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, కొమ్మలుగా ఉంటే అజొల్లా. నున్నగా, గుండ్రంగా, రెండు మూడు ఆకులు అతుక్కుని ఉంటే డక్‌వీడ్. రెండూ పక్కపక్కన పెట్టి వీడియోలో చూపించాను.

డక్‌వీడ్ వచ్చిందని పారబోయకండి. కోళ్లకు, చేపలకు మంచి మేత. నా తొట్టెలోది ఇప్పుడు కోళ్లే తింటున్నాయి. వరి మడికి మాత్రం అజొల్లాయే వేయండి.